దయచేసి నేను చెప్పిన సినిమాలు చూడకండి

హనుమకొండలో విదేశీ సినిమాలను సిఫారసు చేసే బాధ్యతను, ఎవరూ అప్పగించకపోయినా, పదేళ్లుగా నేనే మోస్తున్నాను. చౌరస్తాలో చాయ్ తాగుతున్నప్పుడైనా, పెళ్లిలో బగారా అన్నం కోసం వరుసలో నిలబడ్డప్పుడైనా, ఎవరైనా కొత్త సినిమా ముచ్చట ఎత్తుకుంటే చాలు, వారి మాట పూర్తి కాకముందే "అది సరే గానీ, మీరు హంగేరీ సినిమాలు చూశారా?" అని అడగడం నా ధర్మం. ఎదుటివారు లేదన్నట్టు తల ఊపాలి. నేను జాలిగా నవ్వాలి. అక్కడితో సిఫారసు కార్యక్రమం సమాప్తం. ఎదుటివారు ఇంటికి పోయి ఆ సినిమాను వెతికి పట్టుకుని నిజంగానే చూడటమన్నది ఈ ఏర్పాటులో ఎక్కడా లేదు. ఈ మధ్య కొందరు ఆ పని కూడా చేస్తున్నందువల్ల ఈ నాలుగు మాటలు రాయక తప్పడం లేదు.

ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు ముంచెత్తిన రోజున ధర పడిపోతుందని రైతుకు ఎవరూ చెప్పనక్కర లేదు. సినిమా సంగతీ అంతే. చూసినవాళ్లు పెరిగేకొద్దీ దాని విలువా, దాన్ని అందరికన్నా ముందు చూసినవాడి విలువా కలిసే పడిపోతాయి. మజీద్ మజీదీ 1997లో తీసిన ఇరాన్ చిత్రం 'చిల్డ్రన్ ఆఫ్ హెవెన్' మంచి సరుకే. అన్నాచెల్లెళ్లకు ఉన్నది ఒకటే జత బూట్లు. పొద్దున చెల్లె వేసుకుపోయి, బడి విడవగానే పరుగున వచ్చి గల్లీ మలుపులో అన్నకు విప్పి ఇస్తుంది. అయితే దాన్ని చూసి బడిపిల్లలు సైతం కళ్లు తుడుచుకున్నారు. పిల్లలకు కూడా అర్థమైన సినిమాను నేను ఏ ముఖం పెట్టుకుని సిఫారసు చేయాలి? ఇక 2020 ఫిబ్రవరిలో కొరియా సినిమా 'పారసైట్' ఆస్కార్ ఉత్తమ చిత్రమైంది. ఇంగ్లీషు కాని సినిమాకు ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారని లోకమంతా సంబరపడింది గానీ, ఒక్క రాత్రిలో కొరియా దేశం మొత్తం మా చేజారిపోయిన బాధ ఎవరికీ పట్టలేదు.

అప్పటి నుంచి నేను నిడివిని నమ్ముకున్నాను. హంగేరీ దర్శకుడు బేలా తార్ 1994 నాటి 'సాతాన్‌టాంగో' ఏడు గంటలకు పైగా ఉంటుంది. అది మొదలుపెట్టి, కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగి, బిర్యానీ తిని తిరిగి వచ్చేసరికి కూడా తెర మీద వాన కురుస్తూనే ఉంటుంది. మొదటి కొన్ని నిమిషాలు బురదలో పశువులు తిరుగుతుంటాయి, మరేమీ జరగదు. ఇంతవరకు దీన్ని ఎవరూ చూడలేదు కనుక అభయంగా సిఫారసు చేస్తున్నాను.

అంత భద్రమైనదే అనుకుని మరొక దాని పేరు ఇంట్లో చెప్పాను. బెల్జియం దర్శకురాలు శాంతాల్ అకెర్మాన్ పాతికేళ్ల వయసులో, 1975లో తీసిన 'జాన్ దీల్మాన్' 201 నిమిషాల చిత్రం. బ్రస్సెల్స్‌లో ఒక విధవరాలు మూడు రోజుల పాటు వంట చేస్తుంది, గిన్నెలు కడుగుతుంది, పక్క సర్దుతుంది. లండన్ పత్రిక 'సైట్ అండ్ సౌండ్' పదేళ్లకొకసారి విమర్శకులను అడిగి వేసే ఉత్తమ చిత్రాల పట్టికలో 2022లో దీనికే మొదటి స్థానం. దీనిపై ఇంట్లో ఉపన్యసించడానికి నేను రెండు రోజులు చదివి సిద్ధమయ్యాను. సినిమా నడుస్తుండగా నేను ఫోనులో విమర్శ వెతుక్కుంటుంటే, బియ్యం ఏరుతూ ఒక కన్ను తెర మీద వేసి ఉంచిన మా ఆవిడ, "ఇయ్యాల ఆలుగడ్డలు ఎక్కువ ఉడికినయి. ఆమె మనసు మనసుల లేదు, ఏదో అయితది సూడు" అన్నది. నిజంగానే సినిమా మలుపు తిరిగేది ఆ ఆలుగడ్డల దగ్గరే. రెండో రోజు కుండలో ఆలుగడ్డలు చెడిపోవడంతోనే ఆ ఇంటి క్రమం తప్పడం మొదలవుతుంది. నా ఫోనులోని విమర్శకుడు ఆ విషయానికి ఇంకా నాలుగు పేరాల దూరంలో ఉన్నాడు. రోజూ పొయ్యి ముందర నిలబడేవారికి ఈ సినిమా చూపించకూడదన్న హెచ్చరిక ఎక్కడా రాసి లేకపోవడం అన్యాయం.

అమ్మకు జపాన్ దర్శకుడు ఓజు తీసిన 'టోక్యో స్టోరీ' తగిలింది. దూరపు ఊరి నుంచి వచ్చిన ముసలి తల్లిదండ్రులతో గడిపే తీరిక లేక, పిల్లలు వాళ్లను అతామి అనే వేడినీటి ఊటల ఊరికి పంపించి చేతులు దులుపుకుంటారు. "మొన్న మీ అన్న మమ్ముల యాదగిరిగుట్టకు పంపలే? గదే కథ" అని అమ్మ లేచి వెళ్లింది. 1953లో తీసిన సినిమాకు అంతకుమించి వ్యాఖ్యానం అవసరం లేకుండా పోయింది.

అసలు దెబ్బ వీధిలోంచి వచ్చింది. ఒక ప్రభుత్వ కార్యాలయంలో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేసి రిటైరైన పెద్దాయనకు మరో జపాన్ దర్శకుడు కురొసావా 1952 నాటి 'ఇకిరు' పేరు పొరపాటున చెప్పాను. మురికినీటి గుంటను పూడ్చి పిల్లలకు ఆటస్థలం కట్టించమని వచ్చిన ఆడవాళ్లను ఒక్కో విభాగం పక్క విభాగానికి పంపుతూ, చివరికి మొదటి కిటికీ దగ్గరికే చేర్చే దృశ్యం అందులో ఉంది. మర్నాడు పొద్దున్నే ఆయన వచ్చి, "తమ్మీ, గా జపానాయన మా ఆఫీసుకు ఎప్పుడొచ్చి పోయిండు?" అని అడిగాడు. క్యాన్సర్ సోకిన అధికారి పట్టుబట్టి ఆ పార్కు కట్టించి కన్నుమూయడం, ఆయన సంతాపానికి కూడిన తోటి ఉద్యోగులు ఆ పేరు ఆయనకెందుకు దక్కాలని వాదించుకోవడం, తాగిన మత్తులో అందరూ మారిపోతామని ప్రమాణాలు చేసి తెల్లారి మళ్లీ అదే కుర్చీలో అదే తీరుగా కూర్చోవడం, ఇదంతా పెద్దాయన నాకు విడమరచి చెప్పాడు. జీవితపు అర్థశూన్యత గురించి నేను దాచుకున్న మాటలన్నీ దాచిన చోటే ఉండిపోయాయి. ఇప్పుడాయన భద్రకాళి చెరువు కట్ట మీద పొద్దున నడిచే పింఛనుదారులందరికీ దాన్ని చెబుతున్నాడు. వాళ్లు చూస్తున్నారు కూడా. 'ఇకిరు' ఇక నాకు పనికిరాదు.

వెనకటికి కరీంనగర్ ఫిలిం సొసైటీ లాంటివి ఇటువంటి సినిమాలను తెప్పించి, పదిమందిని కూర్చోబెట్టి చూపించేవట. సిఫారసంటే చూపించడమేనని నమ్మిన అమాయకులు. పెద్దాయన ఆ కాలపు మనిషే అని నాకు ఆలస్యంగా తెలిసింది. పోయిన వారం ఆయన ఒక పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి, "నువ్వు చెప్పినయి నేను సూసిన, గిప్పుడు నేను చెప్పినయి నువ్వు సూడాలె" అన్నాడు. ఒకటి దొర గడీలో దాసి బతుకు మీద బి. నర్సింగరావు 1988లో తీసిన 'దాసి'. అర్చనకు ఉత్తమ నటిగా జాతీయ పురస్కారం తెచ్చినది. రెండోది తెలంగాణ రైతాంగ పోరాటం మీద వచ్చిన 'మా భూమి'. రెండూ నేను చూడలేదన్న సంగతి వీధిలో పొక్కకూడదు. 'మా భూమి' దర్శకుడు గౌతమ్ ఘోష్ బెంగాలీ, మూలం కిషన్ చందర్ ఉర్దూ నవల కనుక దాన్ని విదేశీ చిత్రం కింద జమకట్టవచ్చునేమోనని ఆలోచించాను గానీ, అందులో గద్దర్ పాడిన పాట మా వీధిలో ఆటో నడిపే పిల్లవాడికి కూడా నోటికి వస్తుంది.

పెన్‌డ్రైవ్ వారం రోజులుగా టీవీ పక్కన ఉంది. చూశావా అని పెద్దాయన నిన్న గేటు దగ్గరే నిలబెట్టి అడిగితే, కింద అక్షరాలు పడే ప్రతి దొరికితే చూస్తానని చెప్పి లోపలికి వచ్చేశాను.