పదిహేడు అగ్గిపుల్లలు

పాలమూరులో రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా చెట్టు కింద టేబులేసుకుని దస్తావేజులు రాసే రైటర్ సారుకి రోజుకి పద్దెనిమిది సిగరెట్లు లెక్క. సేల్ డీడుకి రెండు, గిఫ్ట్ డీడుకి ఒకటి. అన్నదమ్ముల పంపకాలైతే లెక్క ఉండదు. అట్లాంటి మనిషి చేతిలో డల్లాస్ నుంచి వచ్చిన బామ్మర్ది రెండు పైపులు, 50 గ్రాముల పొగాకు పొట్లం పెట్టాడు. "బావా, సిగరెట్ బంద్ చెయ్యి, ఇది పట్టు. దీని పొగ లోపలికి గుంజరు, రోజుకి ఒకటి రెండుసార్లే తాగుతరు" అన్నాడు. ఎట్లా తాగాలో మాత్రం చెప్పకుండా శంషాబాద్‌లో విమానమెక్కాడు.

బామ్మర్ది చెప్పింది అబద్ధమేం కాదు. పైపు పొగ నోటిదాకే. కానీ ఏళ్ల తరబడి సిగరెట్ పీల్చిన ఛాతీకి ఆ సంగతి ఎవరు చెప్పాలి? సిగరెట్ నుంచి పైపుకి మారినవాళ్లు అలవాటుకొద్దీ లోపలికే లాగుతారు, అందుకే వాళ్లకి ఒరిగేదేమీ పెద్దగా ఉండదు. లాగకపోయినా పెదవికి, నాలుకకి, గొంతుకి కాన్సర్ పైపుతోనూ వస్తుంది. చిట్టీ బాకీ తీర్చడానికి ఫైనాన్సులో అప్పు తెచ్చినట్టన్నమాట. నిజంగా మానాలనుకునేవాడికి సిగరెట్ పెట్టె మీదే 1800-11-2356 అని నంబరు అచ్చేసి ఉంటుంది, ఫోను కూడా ఉచితం. రైటర్ సారు ఖాళీ పెట్టెల మీద పార్టీల నంబర్లన్నీ రాసుకుంటాడు గాని, పెట్టె మీదున్న నంబరు ఏనాడూ చదవలేదు.

వచ్చిన రెండు పైపుల్లో ఒకటి బ్రయర్. మధ్యధరా సముద్రం చుట్టుపక్కల కొండల్లో పెరిగే ఒక పొదకి, వేరు మొదట్లో బుడిపె కడుతుంది. దాన్ని తవ్వి తీసి, గంటలకొద్దీ ఉడకబెట్టి, నెలలకొద్దీ ఆరబెట్టి, ఆ తర్వాత చెక్కుతారు. నిప్పు పెట్టినా అంత తొందరగా మాడని కట్టె అది. రెండోది మక్క బెండు. అవును, గింజలు ఒలిచాక మిగిలే బెండే. దాన్ని తొలిచి, గొట్టం బిగించి పైపు చేస్తారు. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలో వాషింగ్టన్ అనే చిన్న ఊళ్లో 1869 నుంచి ఇదే వ్యాపారం నడుస్తోంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా సేనాధిపతి జనరల్ మెకార్థర్ ఫొటోల్లో పళ్ల మధ్య కనిపించేది కూడా బెండు పైపే. పైపు సంగతి తెలిసినవాళ్లు కొత్తవాళ్ల చేతికి ముందు ఇచ్చేది దీన్నే. చవక, తేలిక, తడిని పీల్చుకుంటుంది, మొదటి రోజు నుంచే మామూలుగా తాగొచ్చు. బ్రయర్‌కి అట్లా కుదరదు. పొగాకు దోపే గిన్నె లోపలి గోడకి సన్నగా ఒక మిల్లీమీటరు మందాన బొగ్గు పూత పట్టేదాకా సగానికే నింపుతూ, ఓపిగ్గా సాకాలి.

సారు బ్రయర్‌ని కర్చీఫ్‌తో తుడిచి, అద్దం ముందు పెదవుల మధ్య పెట్టుకుని, ఎడమ కనుబొమ్మ ఎత్తి చూసుకున్నాడు. రెండోదాన్ని చూసి, "మక్క బెండ్లు మన దిక్కు పొయ్యిల పెడ్తరు. దీన్ని గూడ ఇమానంల మోస్కొచ్చిండా?" అని వెనక వసారా గూట్లో పడేశాడు.

నేర్చుకోవడానికి ఆదివారం పొద్దున్న ముహూర్తం. ఆఫీసు ఆవరణలో కుదరదు. బహిరంగ ప్రదేశంలో పొగతాగితే 2008 అక్టోబర్ 2 నుంచి 200 రూపాయల దాకా జరిమానా. పైగా పార్టీల ముందు దగ్గుతూ నేర్చుకుంటే రేపు రేటు అడగడానికి మొహం చెల్లదు. ఇంట్లో వద్దని భార్య ముందే చెప్పేసింది. కాబట్టి ఇంటి ముందు అరుగు. ఏప్రిల్ ఎండకి తాళలేక వైరు లాగి టేబుల్ ఫ్యాను పెట్టించుకున్నాడు. పక్కనే నులక మంచం మీద సారు తల్లి, అవ్వ, మోదుగాకు చుట్ట ముట్టించుకుని కూర్చుంది. ఆమెది అరవై ఏళ్ల సర్వీసు.

పొట్లం చింపగానే గుమ్మని వెనీలా వాసన.

"గిదేందయ్యా, బేకరీ తెరిచినవా?" అంది భార్య లోపలి నుంచి.

తీపి వాసన కలిపిన ఇట్లాంటి పొగాకుని ఎరోమాటిక్ అంటారు. దీని వాసన పక్కింటివాళ్లకి, వేడి తాగేవాడికి. పొట్లంలో అది తేమగానే వస్తుంది. కాగితం మీద పలచగా పరిచి అరగంట వదిలేయాలి. తర్వాత చిటికెడు తీసి వేళ్లతో నొక్కి వదిలితే మెల్లగా విచ్చుకోవాలి. ముద్దగా అతుక్కుందంటే ఇంకా తడి ఉన్నట్టు, పొడిపొడిగా రాలిందంటే ఎక్కువ ఎండినట్టు. అరగంట ఆగే ఓపికే ఉంటే ఆయనకి ఆ పద్దెనిమిది సిగరెట్లెందుకు? పొట్లంలోంచి తీసినది తీసినట్టే గిన్నెలో దోపాడు.

దోపడానికీ ఒక పాత లెక్క ఉంది. మొదటి చిటికెడు పసిపిల్ల చేత్తో, రెండోది ఆడమనిషి చేత్తో, మూడోది మగవాడి చేత్తో నొక్కాలి. అడుగున వదులు, పైకొచ్చేకొద్దీ బిగువు. సారు అడుగు నుంచి అంచు దాకా, సంత రోజు దేవరకద్ర బస్సులో కండక్టరు జనాన్ని సర్దినట్టు సర్దాడు. అంటించేముందు ఒకసారి ఉత్త గాలి పీల్చి చూసుకుంటే తెలిసిపోయేది. కొబ్బరిబోండంలో స్ట్రా వేసి తాగినంత తేలిగ్గా రావాలి గాలి. గడ్డపెరుగులో స్ట్రా వేసినట్టుంటే గిన్నె బోర్లించి మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

మొదటి నాలుగు పుల్లలు ఫ్యానుకి పోయాయి.

అయిదో పుల్ల గీకిన గీకుడులోనే గిన్నె మీద పెట్టాడు. అట్లా పెడితే మందు కాలిన గంధకం వాసన మొదటి దమ్ములోనే నోటికి తగులుతుంది. తల కాలిపోయి కట్టె మంట వచ్చేదాకా రెండు క్షణాలు ఆగాలి. ఆ తర్వాత మంటని గిన్నె అంచు చుట్టూ తిప్పుతూ చిన్నచిన్నగా పీలిస్తే పైపొర నల్లబడి, పాలు పొంగినట్టు పైకి లేస్తుంది. ఇది ఉత్తుత్తి ముట్టింపు. లేచినదాన్ని మెల్లగా అణిచి రెండోసారి అంటిస్తే అప్పుడు నిలుస్తుంది నిప్పు. ఈ సంగతి తెలియని సారు, మంట లేవగానే "అంటుకుంది" అనుకుని కాలు మీద కాలేసుకున్నాడు. ఆరిపోయింది. ఆరో పుల్ల. ఆరిపోయింది. ఏడో పుల్లకి పొగాకు గిన్నె పైకి పొంగి లుంగీ మీద ఎర్రటి రవ్వ రాలింది. దాన్ని దులిపి, మిగిలినదాన్ని అణచబోయాడు.

అణచడానికి టాంపర్ అని చిన్న లోహపు కడ్డీ ఉంటుంది. లేకపోతే వెడల్పు తల ఉన్న మేకైనా చాలు. ఇరవై ఏళ్లుగా ఊరందరి బొటనవేళ్లు పట్టి ఇంకు ప్యాడులో అద్ది నిశానీ వేయించిన రైటర్ సారు, తన బొటనవేలు నిప్పులో అద్దాడు.

"సాక్షి సంతకం నేను జెయ్యాల్నా?" అంది అవ్వ.

వేలు నోట్లో పెట్టుకుని చప్పరించి, ఫ్యాను కట్టేయించి, సగం పొగాకు పీకేసి, పదకొండో పుల్లకి మొత్తానికి నిలబెట్టాడు. ఇక్కడి నుంచే అసలు కథ. సిగరెట్ ఆపకుండా కాలడం దాని గొప్పతనం కాదు, కాగితమే అట్లా కాలేటట్టు మందు పెట్టి తయారుచేస్తారు. తాగినా తాగకున్నా కొద్ది నిమిషాల్లో అది బూడిద. పైపు గిన్నెలో రెండు మూడు గ్రాముల పొగాకు పడుతుంది, ముప్పావుగంట నడవాలి, మధ్యలో మూడు నాలుగుసార్లు ఆరడం చేయి తిరిగినవాళ్లకీ మామూలే. ఆరితే మళ్లీ అంటించుకోవాలి, అంతే. సారుకి మాత్రం అది పరువు సమస్య అయ్యింది. ఆరనివ్వకూడదని, రైలింజను మహబూబ్‌నగర్ స్టేషన్ దాటినట్టు గుప్పుగుప్పున లాగడం మొదలుపెట్టాడు. గిన్నెని చెంపకి ఆనించి చూసుకుంటే ఓర్చుకునేంత వేడే ఉండాలి. ఆయన గిన్నె మీద ఆ క్షణాన చాయ్ పెట్టొచ్చు.

తడి పొగాకు, బిగువు దోపుడు, గుప్పు దమ్ములు. మూడూ కలిస్తే గొట్టంలోంచి వచ్చేది పొగ కాదు, సలసల కాగే ఆవిరి. అది తిన్నగా పోయి నాలుక కొన మీద పడుతుంది. పైపు తాగేవాళ్లు దీన్ని నాలుక కరవడం అంటారు. వేడి అన్నం ముద్ద మీద పచ్చిమిరపకాయ కొరికినట్టుండి, రెండ్రోజులు చారు కూడా మంట పుడుతుంది.

"ఉరికేటోనికి సుట్ట ఎందుకురా?" అంది అవ్వ. "సల్లగ గుంజు. నోట్ల పెట్టుకో, ఇడువు. మింగుతరా ఎవ్వరన్న?"

ఆ ముక్క కొంచెం ముందు చెప్పాల్సింది. అప్పటికే సారు మూడు నిండు దమ్ములు పాత అలవాటున ఛాతీలోకి దించేశాడు. సిగరెట్ పొగకి ఆమ్లగుణం. గొంతు ఓర్చుకుంటుంది, కానీ నికోటిన్ నోట్లో పెద్దగా ఎక్కదు, ఊపిరితిత్తుల దాకా తీసుకుపోవాల్సిందే. పైపుకీ చుట్టకీ పొగలో క్షారగుణం ఎక్కువ. నోట్లో ఉంచుకుంటేనే చిగుళ్ల నుంచి, బుగ్గల నుంచి నికోటిన్ నెత్తురులో కలుస్తుంది. దాన్ని లోపలికి లాగితే రెండు దారుల్లోనూ ఒకేసారి ఎక్కుతుంది. పేరు తెలియకపోయినా అవ్వకి ఈ శాస్త్రమంతా వచ్చు. కొడుక్కి ముందు ఎక్కిళ్లు వచ్చాయి. తర్వాత నుదుటి మీద చల్లటి చెమట. ఆ తర్వాత ఎదురింటి వాటర్ ట్యాంకు ఎడమ నుంచి కుడికి జరిగింది.

పక్కింటి పిల్లోడు గోడ మీంచి తొంగి చూసి, "అవ్వా, తాత హుక్కా తాగుతుండా? హుక్కా బంద్ పెట్టిండ్రు గద!" అన్నాడు. ఆ పిల్లోడి తప్పేం లేదు. రాష్ట్రంలో 2024లో హుక్కా పార్లర్లు నిషేధించారు, అది పేపర్లో వచ్చింది. సారు బదులు చెప్పే స్థితిలో లేడు. 2018లో పిల్లలమర్రికి చెదలు పట్టినప్పుడు కొమ్మలకి సెలైన్ బాటిళ్లు వేలాడదీసి మందెక్కించారు. అచ్చం ఆ మర్రి లాగే అరుగు మీద అడ్డంగా ఒరిగాడు. సెలైన్ అవసరం పడలేదు. భార్య చక్కెర నీళ్లు కలిపి తెచ్చింది. "సిగరెట్టే నయముండె గదయ్యా, గిట్లయితే మళ్ల గదే తాగు" అని గ్లాసు ఇస్తూ ఆమె అన్న మాటకి ఆయన రోషం తిరిగొచ్చింది.

లేచి కూర్చుని పన్నెండో పుల్ల గీశాడు. ఈసారి మెల్లగానే లాగాడు, లోపలికి పోనివ్వలేదు. అయిదారు దమ్ములు బాగానే నడిచింది. సారు కనుబొమ్మ మళ్లీ పైకి లేచింది. ఇంతలో గిన్నెకి, గొట్టానికి మధ్య ఉండే కట్టె మెడలో గుడగుడమని నీళ్ల చప్పుడు. ఆ వెంటనే కాకరకాయ కషాయం లాంటి గోధుమరంగు రసం చుక్క నాలుక మీద, సరిగ్గా కాలిన చోటే పడింది. ఆవిరి మెడలో చల్లబడి నీరవుతుంది, తడి పొగాకైతే ఇంకా ఎక్కువ. దీనికి పైప్ క్లీనర్లని తీగ మీద నూలు చుట్టిన పుల్లలుంటాయి. పైపు విప్పకుండానే నోటి వైపు నుంచి తోసి తీస్తే తడంతా దానికి అంటుకుని వచ్చేస్తుంది. బామ్మర్ది అవి తేలేదు. సారు చీపురు పుల్ల తోశాడు. పుల్ల మధ్యలో విరిగి లోపలే ఉండిపోయింది.

పుల్ల తీయడానికి గొట్టాన్ని మెడ నుంచి లాగాడు. కాలుతున్న పైపుని విప్పకూడదని ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. వేడికి కట్టె, గొట్టం రెండూ ఉబ్బి ఉంటాయి. అప్పుడు లాగితే ఆ పట్టు వదులైపోతుంది, లేదంటే మెడ చీలుతుంది. పూర్తిగా చల్లారాక గుండ్రంగా తిప్పుతూ తీయాలి. ఆయన పీకితే అది ఊడి వచ్చింది, ఎట్లాగో ఒకట్లా. విరిగిన పుల్లని గోరుతో లాగి, గొట్టం మళ్లీ దోపి, మరో నాలుగు పుల్లలు ఖర్చుపెట్టాడు. పదిహేడోదానికి నిప్పు నిలిచింది గాని, గిన్నె అడుగున మిగిలింది తడి బూడిద ముద్ద.

బూడిద దులపడానికి పైపుని అరచేతి మీద తట్టాలి, లేదా కార్కు ముక్క మీద. సిగరెట్ బూడిదయితే ఎక్కడ కొట్టినా రాలుతుంది. ఆ అలవాటు చేతిలో ఉండిపోయింది. అరుగుకి పరిచిన షాబాద్ బండ అంచు మీద గిన్నె బోర్లించి ఒక్కటిచ్చాడు. మెడలో గొట్టం దూరేచోట కట్టె బాగా పలచన, నడిమధ్యలో రంధ్రం. దెబ్బ తగిలితే ఎక్కువగా విరిగేది అక్కడే. టప్‌మని గిన్నె వాకిట్లోకి దొర్లి, కోడిపిల్లల మధ్య ఆగింది. సారు చేతిలో నల్ల గొట్టం మిగిలింది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అవ్వ చుట్ట మాత్రం మొదట ముట్టించింది ముట్టించినట్టే, సగం దాకా వచ్చి, సన్నగా కాలుతోంది.

అప్పుడు గుర్తొచ్చింది సారుకి. బెండు పైపు. చవకది, తేలికది, పూత పట్టించే పని లేనిది, తడిని పీల్చుకునేది. లేచి, లుంగీ సర్దుకుని, వెనక వసారాలోకి నడిచాడు. గూట్లో చెయ్యి పెట్టాడు. పాత తాళంచెవి, గోరింటాకు కోను, రెండు బ్యాటరీలు తగిలాయి. పైపు తగల్లేదు.

"అవ్వా, గీ గూట్ల మక్క బెండు ఉండె, చూసినవా?"

"గదా? పొద్దుగాల నీళ్లు కాగవెట్టేటప్పుడు పొయ్యిల పెట్టిన గదరా" అంది అవ్వ అరుగు మీద నుంచే. "గా నల్ల గొట్టమేందో పిల్లగానికి ఇచ్చిన, పీపీ ఊదుకుంటుండు. బెండు మంచిది బిడ్డా. ఒక్క పుల్లకే అంటుకున్నది, నీ తానం అయ్యేదాంక ఆరలే."