పుట్టగొడుగుల కూరలో నీటి పంపకాలు

నదీజలాల మీద ఈ దేశం పెట్టిన శ్రద్ధలో వందో వంతు పుట్టగొడుగుల జలాల మీద పెట్టి ఉంటే, బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాల ఆదివారపు భోజనాలు ఇంత నిస్సారంగా ఉండేవి కావు. కృష్ణా జలాలకు 1969లో బచావత్ ట్రిబ్యునల్ వేశారు. కావేరికి 1990లో మరో ట్రిబ్యునల్ వేస్తే అది 2007లో తుది తీర్పు చెప్పింది. అదీ చాలక 2018లో సుప్రీంకోర్టు కూర్చుని బెంగళూరు తాగునీటికి 4.75 టీఎంసీలని లెక్కగట్టి మరీ కేటాయించింది. కానీ 200 గ్రాముల బటన్ పుట్టగొడుగుల ప్యాకెట్‌లో నూటికి తొంభై పాళ్ల లెక్కన కనీసం 180 గ్రాములు నీళ్లే కదా, అవి ఎప్పుడు విడుదల కావాలి, ఎటు పోవాలి, ఏ ఆయకట్టుకు చేరకూడదు అనే ప్రశ్నను ఇంతవరకు ఏ న్యాయపీఠమూ విచారణకు స్వీకరించలేదు. ఆ లోటును పూడ్చే బాధ్యత ఈ వ్యాసకర్త మీద పడింది.

మారతహళ్లి నుంచి వైట్‌ఫీల్డ్ దాకా మన అపార్ట్‌మెంట్ వంటిళ్లలో మీగడ వేసిన పుట్టగొడుగుల కూర తయారయ్యే తీరు దాదాపు ఒక్కలాగే ఉంటుంది. ఉల్లిపాయలు ఎర్రబడి, అల్లం వెల్లుల్లి పచ్చివాసన పోయి, టమాటా మగ్గి నూనె తేలేదాకా అంతా సవ్యంగానే నడుస్తుంది. అక్కడి వరకు తెలుగువారికి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత కోసిన పుట్టగొడుగులను పచ్చిగానే ఆ ముద్దలోకి దొర్లించి, మూత పెట్టి, ఫోన్ చూసుకుంటూ హాల్లోకి వెళ్తారు. తిరిగొచ్చి మూత తీసేసరికి, చుక్క నీరు పోయని గిన్నెలో చారు తయారై ఉంటుంది. పరిపాలన గాడి తప్పేది ఇక్కడే. ఆ నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయని ఎవరూ విచారించరు. ముందు జీడిపప్పు ముద్ద మంజూరవుతుంది. అది చాలకపోతే వెన్న మంజూరవుతుంది. అదీ చాలదని తేలాక ఫ్రిజ్‌లోంచి క్రీమ్ డబ్బా బయటికి వస్తుంది. అది పడగానే ఎర్రటి చారు కాస్తా లేత నారింజ రంగుకు తిరుగుతుంది, పైన నాలుగు కసూరీ మేతి రేకులు నలిపి చల్లగానే ‘అచ్చం హోటల్లోలాగే ఉంది’ అన్న తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గుతుంది. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు పెద్దలు. ఈ కూరలోని నీరు మాత్రం మీగడ నెరుగును, నిజం తిన్నవారి నాలుక ఎరుగును.

మన ఇళ్లలో ఈ కూరకు కొంటున్న క్రీమ్‌లో చాలా భాగం రుచి కింద కాక సంజాయిషీ కింద ఖర్చవుతోందన్నదే నా అభియోగం.

నీటి విడుదలకు ఒక పద్ధతి ఉంది, అది అంత కష్టమైనదీ కాదు. వెడల్పాటి మూకుడు బాగా కాలాక చెంచాడు నూనె వేసి, ముక్కలను ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి, మంట పెద్దదిగానే ఉంచాలి. కాసేపు ఏమీ జరగనట్లే ఉంటుంది. ఆ తర్వాత ముక్కల అడుగున చెమట పడుతుంది, చెమట మడుగు కడుతుంది, మూకుడంతా బుడబుడమంటుంది. సరిగ్గా ఈ ఘడియలోనే గృహస్థుకు ధైర్యం చెదిరి, మంట తగ్గించి మూత కోసం వెతుక్కుంటాడు. వెతకకూడదు. మూకుట్లో నీళ్లున్నంతసేపు వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, ఆ గీత దాటనిదే ముక్క ఎర్రబడదు. నీళ్లు ఇగిరిపోగానే బుడబుడ ఆగి చిటపట మొదలవుతుంది. ముక్కలు చూస్తుండగానే ముడుచుకుపోయి, అంచులు గోధుమ రంగుకు తిరిగి, అంతదాకా తడిమట్టి వాసన వేసిన వంటింట్లోకి ఎక్కడో మాంసం వేగుతున్న కమ్మదనం వస్తుంది. ఉప్పు అప్పుడు వేస్తే చాలు. ఎక్కువసేపు ఉంచితే చిదికిపోతాయేమోనన్న బెంగ అక్కర్లేదు. పుట్టగొడుగు కణాల గోడల్లో కైటిన్ అనే గట్టి పదార్థం ఉంటుంది, అది వంటింటి వేడికి లొంగే రకం కాదు. ఇక రుచి సంగతంటారా, 1908లో జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునే ఇకెడా సముద్రపు నాచు రసంలో కనిపెట్టిన గ్లూటమేట్ పుట్టగొడుగుల్లోనూ దండిగా ఉంది. నీళ్లు పోయినకొద్దీ అది చిక్కబడుతుంది, నీళ్లు చేరినకొద్దీ పలచబడుతుంది. ఇందులో ఇంతకు మించిన శాస్త్రం లేదు, అయినా ఇదొక్కటే మనకు ఎక్కడం లేదు.

దీనికి అనుబంధంగా కడగడం, తుడవడం అనే మరో వివాదం నడుస్తోంది. కడిగితే నీళ్లు పీల్చుకుంటాయి కాబట్టి తడిగుడ్డతో తుడవాలన్నది ఒక వర్గం వాదన. 2024 వేసవిలో ఈ ఊళ్లో బోర్లు ఎండిపోయి, ట్యాంకర్ల కోసం అపార్ట్‌మెంట్ల వారు కళ్లు కాయలు కాచేలా చూస్తూ, తాగునీటితో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అన్న హెచ్చరిక విన్న రోజుల్లో ఈ వర్గానికి నైతికంగా తిరుగు లేకుండా పోయింది. సుమారు 100 కిలోమీటర్ల అవతల నుంచి ఎత్తిపోసి తెచ్చుకునే కావేరిని పుట్టగొడుగుల మీద పారబోయడం ఎవరికైనా మనసొప్పని పనే. అయితే అంతా నీళ్లే అయిన వస్తువు కుళాయి కింద క్షణకాలంలో కొత్తగా పీల్చుకునేది చాలా స్వల్పం. గబగబా కడిగి, గుడ్డమీద ఆరబెడితే సరిపోతుంది. ఒక్కొక్క పుట్టగొడుగునూ పసిపిల్లవాడి చెవి తుడిచినంత జాగ్రత్తగా తుడిచి, ఆపైన పచ్చి ముక్కలను తీసుకెళ్లి గ్రేవీలో పడేసేవారు, చెంచాడు నీటికి అడ్డుకట్ట వేసి గ్లాసుడు నీటికి గేట్లెత్తినవారు అవుతారు.

ఇక ఇది శాకాహారమా అన్న ప్రశ్న. కూర వండినప్పుడల్లా ఇది లేవనే లేస్తుంది, ముఖ్యంగా రాజమండ్రి నుంచి బాబాయి వచ్చినప్పుడు.

“ఇది శాకాహారమేనా అమ్మాయ్?”

“ప్యాకెట్ మీద పచ్చ చుక్క ఉంది బాబాయ్.”

“చుక్క సంగతి సరేనమ్మా, కొరికితే మాంసంలా ఉందేమిటి?”

“అందుకేగా వండింది!”

ఈ సంభాషణలో ఉన్న నిజాయితీ శాస్త్రగ్రంథాల్లో కూడా అరుదు. ప్రభుత్వ నిర్వచనం ప్రకారం జంతువుల నుంచి వచ్చినది ఏదైనా మాంసాహారమే, పాలు, పాల పదార్థాలు, తేనె లాంటి కొన్నింటికి మాత్రం మినహాయింపు ఉంది. కాబట్టి పుట్టగొడుగూ మీగడా రెండూ పచ్చ చుక్క కింద క్షేమంగా తలదాచుకున్నాయి. జీవశాస్త్రం అంత ఉదారంగా లేదు. రాబర్ట్ విట్టేకర్ అనే శాస్త్రవేత్త జీవులకు అయిదు రాజ్యాలు ప్రతిపాదించి, అందులో శిలీంధ్రాలను మొక్కల నుంచి విడదీసి వాటి రాజ్యం వాటికి ఇచ్చింది 1969లో. బచావత్ ట్రిబ్యునల్ వచ్చిందీ, కాంగ్రెస్ చీలిందీ ఆ ఏడే కాబట్టి, అది వాటాలకూ చీలికలకూ కలిసొచ్చిన సంవత్సరమని ఒప్పుకోవాలి. తరవాత జన్యు పరిశోధనలు వచ్చి, శిలీంధ్రాలకు మొక్కల కన్నా జంతువులతోనే దగ్గరి చుట్టరికమని తేల్చాయి. ఇందాక చెప్పిన కైటిన్ రొయ్య పెంకులోనూ ఉంటుంది. ఈ సమాచారం భోజనాల బల్ల దగ్గర వెల్లడించరాదని మా ఇంట్లో నిషేధాజ్ఞ అమల్లో ఉంది.

పూర్వుల పక్షం చూద్దామంటే, మనుస్మృతి అయిదో అధ్యాయం వెల్లుల్లినీ ఉల్లినీ పుట్టగొడుగునూ ఒకే శ్లోకంలో కట్టగట్టి ద్విజులకు కూడదంది. విచిత్రమేమంటే, మన మీగడ కూరలో పడేవి సరిగ్గా ఆ మూడే. నిషిద్ధాల జాబితాను ఇంత శ్రద్ధగా పాటించిన వంటకం మరొకటి లేదు. దీనికి తోడు బటన్ పుట్టగొడుగు పెరిగే కంపోస్టులో గడ్డితో పాటు కోళ్ల ఎరువు కూడా సాధారణంగా కలుపుతారన్న సంగతి ఉండనే ఉంది. (వంకాయ కూడా ఎరువు తినే పెరుగుతుంది. అయితే వంకాయను ఎవరూ ఇన్ని ప్రశ్నలు అడగరు.)

హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధనా సంస్థ ముత్యపు చిప్ప పుట్టగొడుగుల మీద పనిచేస్తోంది, వాటికి ఈ ఊరి వాతావరణమే చాలు. మనం మాత్రం కాపుకు 14 నుంచి 18 డిగ్రీల చలి కోరే బటన్ రకాన్నే కొంటాం, ఎందుకంటే హోటల్ మెనూలోని బొమ్మలో కనిపించేది అదే.

మీగడకు నేను శత్రువును కాను. దానికి దక్కాల్సిన గౌరవం దానికి దక్కాలంటున్నాను, అంతే. ముక్కలు విడిగా వేగి, గ్రేవీ విడిగా చిక్కబడ్డాక, నానబెట్టి వెన్నలా రుబ్బిన పలాస జీడిపప్పు ముద్ద కలిపితే అందులోని పిండిపదార్థం గ్రేవీని ఒక దగ్గర నిలబెడుతుంది. అప్పుడు ముక్కలు కలిపి, స్టవ్ ఆపి, కుతకుత తగ్గాక క్రీమ్ పోయాలి. మామూలుగా అమ్మే ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు 25 శాతమే; తెర్లుతున్న టమాటా పులుపులో అది పడితే పాల మాంసకృత్తులు ముద్దకట్టి కూర విరిగిపోతుంది. అంతకన్నా పొదుపుగా, నీలం ప్యాకెట్ నందిని పాల మీద తేలిన మీగడతో పని కానిద్దామనుకునేవారు ఆ పాలలో ఉన్న వెన్న 3 శాతమేనని గుర్తించి ముందుకు సాగవలసిందిగా మనవి. కొలత విషయానికి వస్తే, నీళ్ల లెక్క తేలిన కూరకు ఒక ప్యాకెట్ పుట్టగొడుగులకు రెండు మూడు చెంచాల క్రీమ్ ఎక్కువే. లెక్క తేలని కూరకు డబ్బా మొత్తం కుమ్మరించినా తక్కువే. కసూరీ మేతి పేరు పాకిస్తాన్‌లోని కసూర్‌ది, పంట ఎక్కువగా రాజస్థాన్‌లోని నాగౌర్‌ది; బెంగళూరు వంటిళ్లలో దాని విధి మాత్రం పొరపాట్ల మీద రాలడం.

ఈ సంస్కరణకు అసలు ప్రమాదం మరో దిక్కు నుంచి ఉంది. పెద్ద మంట మీద నీళ్లు ఇగిరి, అంచులు ఎర్రబడిన ముక్కలు ఇంకా మూకుట్లో ఉండగానే, గుంటూరు నుంచి వచ్చిన మా అత్తయ్య గారు ఆ దారిన వెళ్తూ ఒకటి నోట్లో వేసుకున్నారు. మరుక్షణం కరివేపాకు రెబ్బలు, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, రెండు వెల్లుల్లి రేకలు మూకుట్లో పడ్డాయి. “ఇంత బాగా వేగాక దీన్ని మళ్లీ పులుసులో ముంచడమేమిటమ్మా, పెరుగన్నంలోకి అమృతంలా ఉంటుంది” అన్నారావిడ. సిద్ధంగా ఉన్న గ్రేవీ వైపు ఎవరూ చూడలేదు. వేపుడు గిన్నె ఖాళీ అయ్యాకనే, క్రీమ్ వేసిన గ్రేవీలోకి పనీర్ ముక్కలు చేర్చి, దాన్ని వేరే కూరగా ప్రకటించారు.

మీగడ కూర మర్నాటికి మిగిలితే ఆఫీసు డబ్బాలో పెట్టుకోవచ్చు గానీ, మైక్రోవేవ్‌లో పూర్తి శక్తి మీద వేడి చేయకూడదు. సగం శక్తి మీద, మధ్యలో ఆపి కలుపుతూ వేడి చేయాలి. ఇంతా చేసి వెనక వరుసలో నిలబడ్డవారి తొందరకు లొంగి పూర్తి శక్తి మీట నొక్కితే కూర విరుగుతుంది. అలా విరిగినప్పుడు ఇది మా వైపు పద్ధతి అని చెప్పుకునే సౌకర్యం బెంగళూరులో ఇంకా మిగిలి ఉంది, ఎందుకంటే మా వైపు ఏదో ఇక్కడ ఎవరికీ తెలియదు.