నిపా మందు ముందే సిద్ధం కావాలి

2024 జులైలో కేరళలోని మలప్పురం జిల్లాలో 14 ఏళ్ల బాలుడికి నిపా వైరస్ సోకిందని తేలింది. పుణె నుంచి మోనోక్లోనల్ యాంటీబాడీ (వైరస్‌ను అడ్డుకునేలా ల్యాబ్‌లో తయారుచేసిన ప్రతిరక్షకం) మందును హుటాహుటిన కోజికోడ్‌కు తెప్పించారు. అయితే వైరస్ సోకిన అయిదు రోజుల్లోపే ఇవ్వాల్సిన మందు అది. గడువు దాటిపోవడంతో ఇవ్వలేకపోయారు. బిడ్డ దక్కలేదు. వైద్యులు చేయగలిగిందంతా చేశారు. లోపం అంతకు ముందున్న ఏళ్లది.

మలేసియాలో నిపా బయటపడింది 1998-99లో. మన దేశంలో 2001లో పశ్చిమ బెంగాల్‌లోని సిలిగుడిని, 2007లో అదే రాష్ట్రంలోని నదియా జిల్లాను తాకింది. 2018లో కేరళలో 17 మందిని బలిగొంది. వారిలో రోగికి సేవలందించిన నర్సు కూడా ఉన్నారు. సోకినవారిలో 40 నుంచి 75 శాతం మంది చనిపోతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇంత ప్రాణాంతకమైన జబ్బుకు ఆమోదం పొందిన మందు గానీ, టీకా గానీ నేటికీ లేవు. ఏటా కొద్దిమందికే వచ్చే జబ్బుకు మందు తయారుచేస్తే లాభమేముందని కంపెనీలు లెక్కేసుకుంటాయి. ఆ లెక్క ప్రభుత్వాలదీ కాకూడదు.

ఆశలు పెట్టుకున్న ఆ యాంటీబాడీ మందు పేరు ఎం102.4. ఆస్ట్రేలియాలో 40 మంది ఆరోగ్యవంతులకు ఇచ్చి చూసి, సురక్షితమేనని తేల్చారు. రోగిని బతికిస్తుందా అన్నది తేల్చే ట్రయల్ మాత్రం జరగలేదు. 2018లో అక్కడి నుంచే మనకు కొన్ని డోసులు వచ్చాయి. 2023 సెప్టెంబరులో కోజికోడ్‌లో మళ్లీ కేసులు వచ్చినప్పుడు మన దగ్గరున్నవి పది మందికి సరిపడా డోసులేనని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధిపతి చెప్పారు. నూట నలభై కోట్ల జనాభాకు పది మందికి సరిపడా మందు! కొవిడ్‌కు వాడిన యాంటీవైరల్ మందు రెమ్‌డెసివిర్ నిపా సోకిన కోతుల్లో మంచి ఫలితమే చూపింది. మనుషుల్లో దాని సంగతీ తేలాల్సి ఉంది.

కేసులు తక్కువ కాబట్టి ట్రయల్ కష్టమంటారు. నిజమే. నిపాలాగే ప్రాణాంతకమైన ఎబోలా వైరస్ విషయంలో ఆఫ్రికా దేశం కాంగో ఏం చేసిందో చూడండి. సాయుధ దాడుల నడుమే 2018 నవంబరులో అక్కడ నాలుగు మందులను పోల్చే ట్రయల్ మొదలైంది. 2019 ఆగస్టుకల్లా రెండు యాంటీబాడీ మందులు మెరుగని తేలింది. వాటిలో ఒకదానికి మూలం 1995లో కాంగోలోని కిక్విట్ నగరంలో ఎబోలా నుంచి కోలుకున్న వ్యక్తి రక్తం. 2020లో ఆ రెండింటికీ అమెరికా ఆమోదం లభించింది. ట్రయల్ పద్ధతిని ముందే ఖరారు చేసుకుని, ఒక్క వ్యాప్తితోనే సరిపెట్టకుండా తర్వాతి వ్యాప్తిలోనూ కొనసాగించేలా ఏర్పాటు చేసుకోవడమే వారు చేసిన తెలివైన పని.

నిపాకూ అదే దారి. భారత్, బంగ్లాదేశ్ కలిసి ఒకే ట్రయల్ నడపాలి. రోగి ఆసుపత్రిలో చేరాక ఎథిక్స్ కమిటీ అనుమతుల కోసం ఫైళ్లు కదిలించడం కాదు, అనుమతులన్నీ ముందే తెచ్చి పెట్టుకోవాలి. మందు నిల్వ పుణెలో కాక కోజికోడ్, మలప్పురం ఆసుపత్రుల్లోనే ఉండాలి. పరీక్ష ఫలితం కూడా గంటల్లో రావాలి. ఆలస్యమైతే ఎంత మంచి యాంటీబాడీ అయినా అక్కరకు రాదు.

తయారీకి మనకు సత్తా లేకపోలేదు. 2020 జూన్‌లో హైదరాబాద్‌కు చెందిన హెటెరో రెమ్‌డెసివిర్‌ను మార్కెట్లోకి తెచ్చింది. కొనుగోలుకు హామీ ఉంటే నిపా యాంటీబాడీనీ ఇక్కడే తయారుచేయించవచ్చు. కేసులు వచ్చినా రాకపోయినా ఏటా ఇన్ని డోసులు కొంటామని కేంద్రం రాతపూర్వకంగా చెప్పాలి. వాడకుండానే గడువు తీరిపోయే డోసుల ఖర్చునూ ప్రజారోగ్య బడ్జెట్‌లోనే చూపాలి.