ముందు ఆ బాతు సంగతి తేల్చండి

తప్పిపోయిన అక్కచెల్లెళ్లను ఇప్పటివరకు ఎంతమందిని వెనక్కి తెచ్చానో లెక్కపెట్టడం మానేశాను. శాపం తగిలిన కోటలు, మూతపడ్డ పిచ్చాసుపత్రులు, తుప్పు పట్టిన రంగులరాట్నాలు, మంచులో ఆగిపోయిన రైళ్లు, అన్నిచోట్లా నా సేవలు అందాయి. ప్రతిసారీ ఒక ఉత్తరం ముక్క వస్తుంది, "డిటెక్టివ్ గారూ, వెంటనే బయల్దేరండి" అని. బయల్దేరతాను. ఊరి పొలిమేర చేరేసరికి రోడ్డుకి అడ్డంగా ఏదో నీడ దూకుతుంది, నా కారు వెళ్లి చెట్టుకి గుద్దుకుంటుంది. ఇన్ని కేసుల్లో ఒక్కసారి కూడా ఆ కారు క్షేమంగా చేరలేదు. అయినా ఎవరూ నా లైసెన్సు అడగలేదు. ఈ వృత్తికి ఉన్న గౌరవం అలాంటిది.

ఇంత సేవ చేసినవాణ్ని కంప్యూటర్ ఆటల లోకం 'క్యాజువల్ ప్లేయర్', అంటే ఊసుపోక ఆడేవాడు, అంటోంది. తుపాకీ పట్టుకుని ఎదురొచ్చినవాణ్నల్లా కాల్చేవాడు మాత్రం హార్డ్‌కోర్ అట. ఎదురుగా వచ్చి నిలబడ్డవాణ్ని కాల్చడంలో గొప్పేముంది? గోడకాగితం మీది పూల డిజైన్లో, అదే రంగులో, అడ్డంగా పడుకున్న కత్తెరని వెతికి పట్టుకోమనండి చూద్దాం. హింట్ నొక్కకుండా.

కాబట్టి బొమ్మలో దాగిన వస్తువులు వెతికే హిడెన్ ఆబ్జెక్ట్ ఆటలు, పజిల్ ఆటల మీద నాకున్న అభిప్రాయాలను ప్రజాహితం కోరి ఇక్కడ నమోదు చేస్తున్నాను. నా సొంత లాభం ఇందులో లేదు. ఒక గడ్డపార తప్ప. దాని సంగతి తర్వాత.

మొట్టమొదట ఆ విలన్ల ఇళ్ల గురించి మాట్లాడుకోవాలి. ఈ ఇళ్లు మొదట్లో ఇలా ఉండేవి కావు. 2005లో 'మిస్టరీ కేస్ ఫైల్స్: హంట్స్‌విల్' వచ్చినప్పుడు పని సూటిగా ఉండేది: ఒక గది నిండా సామాను, పక్కన ఒక జాబితా, నెత్తిమీద గడియారం. వెతుకు, తేలకపోతే పో. మరుసటి ఏడాదే అదే వరసలో 'రావెన్‌హర్స్ట్' వచ్చింది. ఆ భవనంలో తలుపు తలుపుకీ తాళానికి బదులు ఒక యంత్రం బిగించారు. అక్కణ్నించి అందరికీ అదే పిచ్చి పట్టుకుంది. గడియారం పోయింది, కథ వచ్చింది, మామూలు తాళంచెవి అనే వస్తువు భూమ్మీద లేకుండా పోయింది.

పాఠకులు ఒక్కసారి ఆ ఇంటి యజమాని దినచర్య ఊహించుకోవాలి. పొద్దున్నే లేస్తాడు. పడగ్గది తలుపు తెరుచుకోవాలంటే నాలుగు రత్నాలు పొదగాలి. ఎర్రది చేపల తొట్టిలో ఉంటుంది. నీలంది పియానో కడుపులో. పచ్చది తోటలో రాతి సింహం నోట్లో. నాలుగోది ఒక కాకి ఎత్తుకుపోయింది, మెరిసేదేదైనా ఇస్తేగాని అది తిరిగివ్వదు. ఈ నాలుగూ గది బయటే ఉన్నాయని గమనించగలరు. మరి ఆయన రాత్రి లోపలికెలా వెళ్లాడు? వెళ్లినవాడు పొద్దున్నే బయటికెలా వస్తాడు? అర్ధరాత్రి కడుపులో తిప్పితే గతేమిటి? ఏ డిటెక్టివూ ఈ కోణంలో దర్యాప్తు చేయకపోవడం మా వృత్తికే మచ్చ.

వంటింటి తలుపుకి హనోయి గోపురం ఉంటుంది. మూడు మేకులు. ఒక మేకుకి కింద పెద్దది, పైకి పోయేకొద్దీ చిన్నది, ఇలా బిళ్లలు గుచ్చి ఉంటాయి. ఒక్కొక్కటే తీసి మొత్తం దొంతరని ఇంకో మేకుకి మార్చాలి, చిన్నదాని మీద పెద్దది పెట్టకూడదు. ఎడ్వార్ లూకా అనే ఫ్రెంచి గణితజ్ఞుడు 1883లో లోకం మీదికి వదిలిన పజిల్ ఇది. ఐదు బిళ్లలుంటే ఎంత మేధావికైనా 31 ఎత్తులు తప్పవు. అంటే ఆ ఇంట్లో గ్లాసుడు మంచినీళ్లు తాగాలంటే 31 ఎత్తులు. నీళ్లు పట్టుకుని తిరిగేసరికి తలుపు మూసుకుపోతే మరో 31. ఈ బొమ్మతో పాటు లూకా ఒక కథ కూడా అంటగట్టాడు. కాశీలో ఒక గుడిలో పూజారులు 64 బంగారు బిళ్లల్ని ఇలాగే మారుస్తున్నారట, ఆ పని పూర్తయిన రోజు లోకం అంతమవుతుందట. సెకనుకొకటి చొప్పున మార్చినా దాదాపు 58,500 కోట్ల ఏళ్లు పడుతుంది. లోకాన్ని నాశనం చేస్తానని ప్రతి విలనూ ప్రగల్భాలు పలుకుతాడే, ఒక్కడూ ఎందుకు చేయలేకపోయాడో నాకు అప్పుడు తెలిసింది. పాపం, వంటింట్లోంచి బయటపడితే కదా!

ఇక ఇనప్పెట్టెకి పదిహేను పలకల పజిల్. 1 నుంచి 15 దాకా అంకెలున్న పలకల్ని ఒక్క ఖాళీ గడిలోకి జరుపుకుంటూ పోయి వరసలో పెట్టాలి. దీన్ని ఊడదీసి ఎలా పడితే అలా అమర్చితే, సగం అమరికలు ఎన్ని జన్మలెత్తినా కుదరవు. 1879లోనే లెక్కలవాళ్లు ఈ విషయం తేల్చేశారు. అయినా శామ్ లాయిడ్ అనే పజిళ్ల పెద్దమనిషి 14, 15 తారుమారైన అమరికని సరిచేసినవాళ్లకి 1000 డాలర్లు ఇస్తానని ఊరించాడు. కుదరని పనికి కట్టిన బహుమతి కాబట్టి డబ్బు పైసా కదల్లేదు. అసలు ఆ పజిల్ కనిపెట్టింది తనే అని కూడా చెప్పుకున్నాడు. కనిపెట్టింది నోయెస్ చాప్‌మన్ అనే పోస్ట్‌మాస్టర్. లాయిడ్ గారి ఆత్మ ఇప్పుడు ఏదో గేమ్ స్టూడియోలో పర్మనెంట్ ఉద్యోగం చేసుకుంటోందని నా గట్టి అనుమానం.

పజిల్‌ని దాటేయడానికి స్కిప్ బటన్ ఉంది కదా అంటారు. ఉంది. అది మెల్లగా నిండుతుంది, కుండలోకి నీళ్లు ఊరినట్టు. దాన్ని నేను ఎన్నడూ నొక్కలేదు. రెండు మూడుసార్లు వేలు జారి తగిలింది, అంతే. పలకలది వచ్చినప్పుడే జారడం కాకతాళీయం.

ఇక గడ్డపార.

మొదటి అధ్యాయంలో బావి పక్కన గడ్డపార దొరుకుతుంది. దాంతో ఒక చెక్కపెట్టె మూత లేపుతాను. మూత లేచిన మరుక్షణం గడ్డపార మాయం. విరగలేదు, అరగలేదు, ఎవరూ లాక్కోలేదు. దాని పని అయిపోయిందట! ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదే. పక్కగదిలోకి అడుగుపెడితే అచ్చం అలాంటి పెట్టే ఇంకొకటి, అచ్చం అలాంటి మూత. "దీన్ని తెరవడానికి ఏదైనా కావాలి" అంటుంది తెర మీద నా గొంతు. బావి దగ్గరికి వెనక్కి పోతే గడ్డపార ఉండదు. ఈసారి గుర్రపు నాడా కావాలట.

నా సంచిని తనిఖీ చేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఒక గొడ్డలి, ఒక రంపం, పగిలిన అద్దం ముక్క, సగం పతకం, ఎవరిదో గాజు కన్ను. ఎదురుగా ఒక అమ్మాయిని కుర్చీకి తాడుతో కట్టేశారు. ఆ అమ్మాయి "కాపాడండి" అని ఏడుస్తోంది. నేను గొడ్డలి తీశాను. "ఇది ఇక్కడ పనికిరాదు." రంపం తీశాను. "ఇది ఇక్కడ పనికిరాదు." అద్దం ముక్క కూడా పనికిరాదు. పదునైనది ఏదైనా కావాలి, అన్నాను నేనే, గొడ్డలి చేత్తో పట్టుకుని. ఆ అమ్మాయి నా వంక చూసిన చూపు నేను మరిచిపోలేను. మేడమెక్కి, దర్జీ గదిలో పన్నెండు వస్తువులు వెతికి, కత్తెర సంపాదించి, దానికి ఒక స్క్రూ తక్కువైతే అది కూడా బిగించి తిరిగొచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఆ అమ్మాయి అదే స్థాయిలో ఏడుస్తోంది. నేనైతే ఎప్పుడో నిద్రపోయేవాణ్ని.

ముళ్లకంపని చేత్తో ముట్టుకోను, గ్లౌజు కావాలి. సాలెపురుగుని తోలను, దివిటీ కావాలి. ఇంత సుకుమారంగా ఉండే నేను, వందేళ్ల నాటి రంగుటద్దాల కిటికీని మాత్రం రాయి పెట్టి నిర్మొహమాటంగా పగలగొడతాను. పరాయివాళ్ల డైరీలు చదువుతాను. సమాధుల మీద పలకలు ఊడపీకుతాను. ఈ మర్యాదల పట్టిక ఎవరు తయారుచేశారో తెలిస్తే ఒకసారి కలవాలని ఉంది.

జాబితాల్లో భాష ఇంకో వేదన. 'బో' అని ఉంటుంది. రిబ్బను ముడా, విల్లా, ఫిడేలు వాయించే కమానా? గదిలో మూడూ ఉంటాయి, లెక్కలోకి వచ్చేది ఒక్కటే. 'బ్యాట్' అంటే గబ్బిలమో, ఆడుకునే కర్రో ఆ దేవుడికే తెలియాలి. ఇంగ్లీషు కాబట్టి ఈ తిప్పలు, తెలుగులో పెడితే హాయిగా ఉంటుందని ఒకప్పుడు అనుకునేవాణ్ని. తర్వాత ఆలోచిస్తే భయమేసింది. 'చుక్క' వెతకమంటే ఆకాశంలోదా, కారుతున్న కుళాయిదా, చీర మీదిదా? 'గంట' వెతకమంటే గుమ్మానికి వేలాడేది నొక్కాలా, గోడమీద గడియారం నొక్కాలా? ఏది నొక్కినా గంట గడిచిపోతుంది, అది వేరే విషయం.

బాతు దగ్గర మాత్రం భాషని తప్పుపట్టలేను. ఆట పేరు చెప్పను. అటకగది. జాబితాలో పన్నెండు వస్తువులు, పదకొండు దొరికాయి, మిగిలింది బాతు. ఎడమవైపు మూలన చక్రాల బండి మీద చెక్కబాతు ఉంది, పసుపురంగుది, పిల్లలు తాడుకట్టి లాక్కునేది. నొక్కాను. కాదంది. గోడకి తగిలించిన పింగాణీ పళ్లెం మీద నీలిరంగులో ఇంకో బాతు ఈదుతోంది. నొక్కాను. అదీ కాదు. సరే, పసుపుదాన్నే ఇంకో పక్కనించి, ముక్కు మీద నొక్కాను. తోక మీద నొక్కాను. ఎక్కువసార్లు తప్పు నొక్కానని బాణం గుర్తు గిర్రున తిరిగి కాసేపు స్తంభించిపోయింది. ఉన్న బాతుని బాతు అన్నందుకు నాకు శిక్ష! టెన్షన్‌తో అరచేతులు చెమట పట్టాయి. అప్పుడు మా చెల్లెలు తల తుడుచుకుంటూ వెనకనించి పోతూ, ఆగకుండానే, "అన్నయ్యా, ఆ గొడుగు పిడి చూడు" అంది.

గొడుగు పిడికి బాతు తల చెక్కి ఉంది. నొక్కితే టింగుమంది.

ఇక్కడ రెండు న్యాయసందేహాలు. ఒకటి, తల ఒక్కటే ఉన్నది బాతు అవుతుందా? మొత్తం శరీరం ఉన్న రెండు బాతుల్ని తోసిపుచ్చి తలకాయకి గుర్తింపు ఇవ్వడం ఏ ధర్మం? రెండోది ఇంకా ఘోరం. అదే జాబితాలో 'గొడుగు' కూడా ఉంది. ఇంతకుముందు ఆ గొడుగునే నొక్కితే కాదంది. అసలు గొడుగు వేరే ఉందట, పైకప్పు దూలాల మధ్య, మడిచి. అంటే ఆ ఆట లెక్కలో గొడుగు గొడుగు కాదు, బాతు. బాతు బాతు కాదు, అలంకారం. వెనక నిలబడ్డవాళ్లకి ముందే ఎలా కనబడుతుందన్నది మూడో సందేహం గానీ, దాన్ని ఇంట్లో చర్చించి లాభం లేదని వదిలేశాను.

ఇంతా చేసి ఆ పన్నెండు వస్తువులకీ నాకు దక్కింది ఒక అగ్గిపెట్టె. మిగిలిన పదకొండూ ఎటు పోయాయి? బాతు ఎటు పోయింది? రసీదు లేదు, సమాధానం లేదు.

ఇవన్నీ వద్దనుకుని మిఠాయిలు కలిపే ఆటలకి వలస వెళ్లినవాళ్లున్నారు. మూడేసి కలిపే పద్ధతి 1994 నాటి 'షారికి' అనే రష్యన్ ఆటలోనే ఉంది, 2012లో 'క్యాండీ క్రష్' వచ్చాక అది ఊరంతా పాకింది. అందులో ప్రాణాలు ఐదు, పోయిన ప్రాణం అరగంటకొకటి తిరిగొస్తుంది. ప్రాణానికి వెల కట్టలేమని పెద్దలు అంటుండేవారు. కట్టారు. ఆ ఆట తయారుచేసిన కంపెనీ 2016లో 590 కోట్ల డాలర్లకి అమ్ముడుపోయింది. అక్కడ మాయమైన మిఠాయిలు ఎటు పోయాయని అడిగినవాడు లేడు. నాలాంటివాడు అక్కడ ఇమడలేడు.

కలెక్టర్స్ ఎడిషన్ గురించి ఒక్క మాట. అక్కని కాపాడాం, శాపం విరిగింది, పేర్లు పడుతున్నాయి. సరిగ్గా అప్పుడు, అసలు ఇదంతా చేయించింది ఎవరో తెలియాలంటే బోనస్ చాప్టర్ ఆడాలంటారు. అది ఎక్కువ డబ్బు కట్టినవాళ్లకే. తక్కువ ఎడిషన్ కొన్నవాడికి న్యాయం కూడా తక్కువే.

ప్రస్తుతం నా చేతిలో ఉన్న కేసులో ఆఖరి ఘట్టం నడుస్తోంది. మంత్రగత్తె చెయ్యెత్తి నిలబడింది, వేళ్ల చివర పచ్చని మంట. నేను దర్పణం చట్రానికి ముక్కలు అతికించేదాకా ఆవిడ ఆ మంట విసరదు. పద్ధతి తెలిసిన మనిషి. రాత్రి ఆటని అలాగే ఆపి పడుకున్నాను, పొద్దున చూస్తే చెయ్యి ఇంచి కూడా దిగలేదు. ఈ వ్యాసం రాస్తున్నంతసేపూ అలాగే ఉంది. ఆవిడ పక్కన బల్లమీద, చీకట్లో, పసుపురంగుది ఏదో చక్రాల మీద నిలబడి ఉంది. నేను ఇప్పటికి పదిసార్లు నొక్కాను.