పెంకులు ఎలివేషన్‌కి కాదు, శ్లాబులోకి పెట్టండి

శ్రీకాకుళం, విజయనగరం ఊళ్ళలో ఇప్పుడు కడుతున్న ఇళ్ళు చూస్తుంటే బాధేస్తోంది, పాత ఇంటి అందం ముందు గోడకి అతికిస్తున్నాం గానీ దాని చల్లదనం మాత్రం వదిలేస్తున్నాం. శ్లాబు పోసేసి, ముందు వాలుగా నాలుగు వరసలు రంగు పెంకులు అంటించి ట్రెడిషనల్ లుక్ అంటున్నారు, అదే డబ్బు పడమర వైపు చిన్న వసారాకి పెడితే సాయంత్రం ఎండ గోడని తాకదు కదా.

మళ్ళీ పెంకుటిల్లే కట్టుకోండి అని నేను అనను. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్, 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాన్లు ఏం చేశాయో ఇక్కడోళ్ళకి చెప్పక్కర్లేదు, ఉద్దానంలో అయితే నీడనిచ్చే కొబ్బరి, జీడి చెట్లు కూడా కూలిపోయాయి. అదంతా చూసినోళ్ళు శ్లాబు కావాలంటే న్యాయమే. కాకపోతే ఉత్త శ్లాబు పగలంతా వేడి దాచుకుని రాత్రి గదిలోకి వదుల్తాది, అసలే ఉక్కపోత ప్రాంతం, ఇంక ఏసీ, కరెంటు బిల్లు తప్పవు.

అందుకే ఖర్చు ముందు పైకప్పు మీద పెట్టాలి. తక్కువ ఖర్చు ఇళ్ళకి పేరున్న ఆర్కిటెక్ట్ లారీ బేకర్ కేరళలో బాగా వాడిన ఫిల్లర్ శ్లాబ్ మనకి సరిగ్గా సరిపోతాది. శ్లాబులో కింది వైపు లాగుడు ఆపేది ఇనుమే, అక్కడి కాంక్రీటులో చాలా భాగం ఉత్త బరువు, అందుకని ఊచల గళ్ళ మధ్య పాత పెంకులు పెట్టి పైన కాంక్రీటు పోస్తారు, రెండేసి కలిపి పెడితే మధ్యలో గాలి ఉండి వేడి తక్కువ దిగుతాది, సిమెంటూ మిగుల్తాది. పాత ఇల్లు విప్పినప్పుడు పారబోసే బెంగుళూరు పెంకులే దీనికి చాలు! కానీ ఇంజనీర్ డ్రాయింగ్ ఉండాల్సిందే, మేస్త్రీ అంచనా మీద వదలొద్దు. గోడలకి ఇటుక నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలే ర్యాట్ ట్రాప్ పద్ధతిలో పావు వంతు వరకు ఇటుక ఆదా అవుద్ది. ఏదీ కుదరకపోతే డాబా మీద సున్నమన్నా వేయించండి, అది చవక.

నాకు కోపం తెప్పించేది ఇంకోటి. ఇళ్ళలోకి వేడి తక్కువ దిగేలా, కరెంటు ఆదా అయ్యేలా కట్టాలని కేంద్రం 2018లో తెచ్చిన నియమావళి ఎకో నివాస్ సంహిత, దాన్ని 500 చదరపు మీటర్లు, ఆపైన స్థలాల్లో కట్టే ఇళ్ళకి పెట్టారు. పేదలకి ఊళ్ళలో ఇచ్చిన సెంటున్నర అంటే 60 చదరపు మీటర్లు. ఎక్కువ ఉడికేది ఆ ఇళ్ళే, ఏసీ కొనలేనిదీ వాళ్ళే. హౌసింగ్ కాలనీల ప్లాన్‌లోనే కిటికీ ఎదురు కిటికీ, వెడల్పాటి సన్‌షేడ్, తెల్ల డాబా తప్పనిసరి చేయాలి, అది కూడా ఇంటి డబ్బుల బిల్లు పాస్ చేసే ముందే చూడాలి.