రాత్రి రెండు గంటలకు ఎవరు మోస్తారు?

కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రి మూడో అంతస్తులో బంధువుకు తోడుగా ఒక రాత్రి పడుకున్నాను. 18 మంది రోగులు, ఒక నర్సు, ఒక ఆయా. వరండా నిండా చాపలు, క్యారియర్లు, ఫ్లాస్కులు. గోడకు బిగించిన, మంటలార్పే ఎర్ర సిలిండరు మీద ఎవరిదో తువ్వాలు ఆరుతోంది. వెనుక మెట్ల గేటుకు తాళం. తాళంచెవి ఎక్కడుందని అడిగితే ‘వాచ్‌మన్ దగ్గర సార్’ అంది నర్సు. వాచ్‌మన్ టీ తాగడానికి వెళ్లాడు.

ఆసుపత్రుల్లో అగ్నిప్రమాద భద్రత తనిఖీ అంటే మనకు సిలిండర్లు లెక్కపెట్టడం, గొట్టాలు చూడటం. రాత్రి షిఫ్టులో ఎన్ని చేతులున్నాయో అడిగేవారు లేరు. మంచం దిగలేని మనిషిని మోయాలంటే ఇద్దరు కావాలి. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు వేసుకున్నా ఆ వార్డు ఖాళీ కావడానికి 54 నిమిషాలు. పొగ అంతసేపు ఆగదు. 2011 డిసెంబరులో కోల్‌కతా ఆమ్రి ఆసుపత్రిలో మంట పుట్టింది సెల్లార్‌లో; ప్రాణాలు పోయింది పై అంతస్తుల్లో, పొగకు.

దక్షిణ కొరియాలోని జాంగ్‌సోంగ్‌లో 2014 మే నెలలో ఒక నర్సింగ్ ఆసుపత్రి అర్ధరాత్రి దాటాక అంటుకుంది. (అక్కడ ఆ మాటకు అర్థం ముసలివాళ్లు నెలల తరబడి ఉండే చోటు, మన నర్సింగ్ హోములు వేరు.) మంటలను నిమిషాల్లోనే ఆర్పేశారు. అయినా ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ అంతస్తులో 34 మంది రోగులకు ఆ రాత్రి దిక్కు ఒకే ఒక్క నర్సింగ్ సహాయకురాలు. మృతుల్లో ఆమె కూడా ఉంది.

మన దగ్గర ఆ ఒక్క నర్సుకు తోడు జీతం లేని సిబ్బంది ఉన్నారు: ఆదోని నుంచో ఆళ్లగడ్డ నుంచో వచ్చి చాప పరచుకున్న కొడుకు, కోడలు, మేనమామ. నీళ్లు పట్టేదీ, బాత్రూముకు నడిపించేదీ, సెలైన్ అయిపోతే నర్సును లేపేదీ వాళ్లే. వాళ్లున్నారన్న ధీమాతోనే యాజమాన్యాలు ఆయాల సంఖ్య కుదించుకున్నాయని నా అనుమానం. ఆపదవేళ వరండాకు అడ్డం వాళ్లే, మోయగల భుజాలూ వాళ్లవే. గుంపుగా ఉన్నారని కసరడమే తప్ప దారి ఎటో ఎవరూ చూపించరు.

అడ్వాన్సు కట్టించుకునే కౌంటర్ దగ్గరే వాళ్లకు చెప్పడానికి ఐదు నిమిషాలు చాలు: రెండో మెట్లు ఎక్కడ, దుప్పటితో సహా రోగిని నేలకు దించి ఎలా ఈడ్చుకెళ్లాలి. వెంటనే కిందికే దింపాలని కూడా లేదు. అదే అంతస్తులో పొగను ఆపే తలుపు దాటించి పక్క వార్డుకు చేరిస్తే మొదటి గండం గడుస్తుంది. అయితే అలాంటి తలుపు ఉండాలి, దానికి అడ్డంగా పాత మంచాలు ఉండకూడదు. వెంటిలేటర్ మీద ఉన్నవారికి దుప్పటి ఒక్కటే చాలదు. ఐసీయూలో అలాంటి రోగికొక నర్సు అన్న ప్రమాణం రాత్రి కూడా పాటించాల్సిందే, ఆక్సిజన్ వాల్వు కట్టేయాల్సింది ఎవరో ముందే తేల్చాల్సిందే.

తెల్లవారాక వాచ్‌మన్‌ను తాళం సంగతి అడిగాను. బిల్లు కట్టకుండా వెనుక మెట్ల నుంచి వెళ్లిపోతారని యజమాని వేయించారట.