నాజిల్ పైపు దగ్గర వేలు పెట్టమన్న మెసేజ్‌కు జవాబు

"పొక్లెయిన్, జేసీబీ, టిప్పర్ ఓనర్లు తప్పక చదవాలి. షోరూమ్ వాళ్లు దాచిపెట్టిన ఎనిమిది డీజిల్ రహస్యాలు." ఈ మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. క్రషర్ ఓనర్ల గ్రూపులో వచ్చింది, ఆపరేటర్ల గ్రూపులో వచ్చింది, చుట్టాల గ్రూపులో కూడా ఎవరో పెట్టారు. "ఇది కరెక్టేనా అన్నా?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే ఓపిక అయిపోయింది కాబట్టి రాస్తున్నాను. వరస తప్పించి నాలుగో పాయింటుతో మొదలుపెడతాను. మధ్యలో ఆపేసేవాళ్లు కూడా అదొక్కటీ చదివి ఆపాలి.

నాలుగో పాయింటు: "మిస్సింగ్ వస్తే ఇంజన్ ఆన్‌లో ఉంచి ఒక్కో నాజిల్ పైపు నట్టు వదులు చేయండి. వేలు అడ్డం పెట్టి ఫోర్సు చూడండి. ఫోర్సు తగ్గిన నాజిల్ పోయినట్టే."

నాజిల్ అంటే సిలిండర్‌లోకి డీజిల్‌ను తుంపరగా చిమ్మే ఇంజెక్టర్ మొన. మిస్సింగ్ అంటే ఏదో ఒక సిలిండర్ సరిగా మండక ఇంజన్ తడబడటం. ఇది రాసినవాళ్ల మీద నాకు నిజంగా కోపంగా ఉంది. టిప్పర్ టైరులో ఉండే గాలి ఒత్తిడి దాదాపు 8 బార్. సన్నటి రంధ్రం నుంచి వచ్చే ధార అయితే చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోవడానికి అంత ఒత్తిడి చాలు. కామన్ రైల్ ఇంజన్‌లో (అన్ని నాజిళ్లకూ ఒకే గొట్టం నుంచి డీజిల్ వెళ్లే రకం) లోడు మీద ఉండే ఒత్తిడి 1,600 బార్ పైమాటే, కొన్నిటిలో 2,000 దాటుతుంది. ఐడిల్‌లో ఉన్నా వందల బార్‌లలోనే ఉంటుంది. అక్కడ వేలు పెట్టి ఫోర్సు చూడమంటున్నారు! చేతికి గ్లౌజు ఉందిగా అంటారు కొందరు. ఆ ధారకు గ్లౌజు ఒక లెక్కే కాదు.

అలా డీజిల్ వేల్లోకి పోతే ఏమవుతుందో చాలామందికి తెలియదు. ముందు పెద్దగా ఏమీ కనబడదు. సూది గుచ్చినట్టు చిన్న చుక్క, కొంచెం మంట. మనవాడు గుడ్డతో తుడుచుకుని పనిలోకి పోతాడు. లోపల డీజిల్ నరాల వెంట, కండరాల తాళ్ల వెంట అరచేతి దాకా పాకుతుంది. కొన్ని గంటల్లో వేలు ఉబ్బి, బిగుసుకుపోయి, రంగు మారుతుంది. లోపలి కండ చచ్చిపోతూ ఉంటుంది. ఆలస్యమైతే వేలు తీసేయాల్సి వస్తుంది, ఒక్కోసారి చేతి దాకా పోతుంది. ఈ గాయాలు ఎక్కువగా తగిలేది రెండో చేతి చూపుడు వేలికే. కుడిచేత్తో స్పానర్ పట్టుకుని ఎడమచేత్తో తడిమి చూస్తాం కదా, అందుకు.

ఎవరికైనా ఇలా జరిగితే పిండవద్దు, పసుపు పెట్టవద్దు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర టీటీ ఇంజెక్షన్, నొప్పి బిళ్లలు తీసుకుని పడుకోవద్దు. ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉన్న పెద్దాసుపత్రికి వెంటనే తీసుకెళ్లాలి. మన దగ్గర ఉస్మానియా, నిమ్స్, విశాఖ కేజీహెచ్ లాంటివి. వెళ్లాక "వేలు తెగింది" అనకుండా "ప్రెషర్‌తో డీజిల్ లోపలికి పోయింది" అని ఆ మాటే చెప్పాలి. చుక్కంత గాయం చూసి చిన్న డాక్టర్లు కూడా పొరబడతారు. వేలు కోసి లోపలంతా శుభ్రం చేసే ఆపరేషన్ మొదటి 6 గంటల్లో జరిగితే వేలు నిలిచే అవకాశం బాగా ఎక్కువ. నొప్పి లేదు కదా అని ఆగితే ఆ 6 గంటలూ అక్కడే కరిగిపోతాయి.

ఒక విషయం ఒప్పుకుంటాను. నట్టు వదులు చేసి మిస్సింగ్ పట్టడం అనేది ఉత్త కల్పన కాదు. పాత ఇన్‌లైన్ పంపు ఇంజన్లలో ఒక్కో సిలిండర్‌కు డీజిల్ తోసే ప్లంజర్ ఒక్కోటి ఉంటుంది. ఒక పైపు వదులు చేస్తే ఆ సిలిండర్ ఒక్కటే ఆగుతుంది. ఇంజన్ శబ్దం మారితే అది బాగున్నట్టు, మారకపోతే తేడా అక్కడే ఉన్నట్టు. పాత లేలాండ్ల మీద, ట్రాక్టర్ల మీద చెవితోనే సిలిండర్ పట్టేసిన మేస్త్రీలు ఎందరో ఉన్నారు. వాళ్ల విద్యను తక్కువ చేయను. కానీ వాళ్లు వాడింది స్పానరూ చెవీ. వేలు కాదు. ఆ పాత నాజిల్ కూడా దాదాపు 200 బార్‌కు తెరుచుకునేదే.

కామన్ రైల్‌లో అయితే ప్రమాదం సంగతి పక్కన పెట్టినా ఆ పరీక్షకు అర్థమే లేదు. పంపు డీజిల్‌ను ఒకే రైల్‌లోకి తోస్తుంది, అన్ని ఇంజెక్టర్లూ ఆ రైల్ నుంచే తాగుతాయి. ఒక నట్టు వదిలితే రైల్ ఒత్తిడి మొత్తం పడిపోతుంది, ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, ఇంజన్ ఆపేస్తుంది. ఏ సిలిండర్ పోయిందో ఏం తెలిసింది? ఈలోగా తుంపర ఎర్రగా కాలుతున్న టర్బో మీద పడితే బండి అంటుకుంటుంది. చాలా కంపెనీలు ఒకసారి విప్పిన హై ప్రెషర్ పైపు మళ్లీ వాడవద్దనీ, కొత్తది వేయమనీ చెబుతాయి. అంటే ఉచిత పరీక్ష అనుకున్నదానికి పైపుల ఖర్చు కూడా అదనం.

మీ బండి ఏ రకమో తెలియకపోతే ఇంజన్ పక్కన చూడండి. లావుపాటి ఉక్కు గొట్టం ఒకటి పొడవునా ఉండి, దాని చివర సెన్సర్ ఉండి, నాజిల్ పైపులన్నీ దాని నుంచే వెళ్తుంటే అది కామన్ రైల్. బీఎస్ 6 (కాలుష్య ప్రమాణం) టిప్పర్లు దాదాపు అన్నీ ఇవే. మిస్సింగ్ పట్టడానికి స్కానర్‌లో ఒక్కో సిలిండర్‌ను ఆపి చూసే సిలిండర్ కటౌట్ టెస్ట్ ఉంది. స్కానర్ లేకపోతే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన కాసేపటికి సైలెన్సర్ మానిఫోల్డ్‌ మీద ఒక్కో పోర్టు దగ్గర ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో వేడి చూడండి. మిగతావాటి కంటే చల్లగా ఉన్నది పనిచేయని సిలిండర్. లీకు ఎక్కడో వెతకాలంటే వేలు కాదు, పైపు వెంట అట్టముక్క ఆడించాలి. పైపు విప్పాల్సి వస్తే ఇంజన్ ఆపి కనీసం 10 నిమిషాలు ఆగాలి.

ఇక మిగతావి.

మొదటిది: "10 లీటర్ల డీజిల్‌కు 1 లీటరు కిరోసిన్ కలిపితే నాజిళ్లు శుభ్రపడి మైలేజీ పెరుగుతుంది." పెరగదు. కిరోసిన్ డీజిల్ కంటే పలచన, తేలిక. లీటరుకు ఇచ్చే శక్తి తక్కువ. పొగ కాస్త తగ్గుతుంది, దాన్ని చూసి శుభ్రమైందనుకుంటారు. అసలు నష్టం లోపల జరుగుతుంది. హై ప్రెషర్ పంపు ప్లంజర్‌కూ, ఇంజెక్టర్ సూదికీ డీజిలే నూనె, ఇంకే నూనె అందదు. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్ 6 డీజిలే వస్తోంది. బీఎస్ 4లో 50 పీపీఎం (పది లక్షల్లో 50 వంతులు) ఉన్న గంధకం ఇందులో 10 పీపీఎం. గంధకం తీసే క్రమంలో డీజిల్‌కు సహజంగా ఉండే జారుడుగుణం కూడా తగ్గిపోతుంది. అందుకే కంపెనీలు దానికి విడిగా మందు కలిపి ప్రమాణానికి తెస్తాయి. అంత లెక్కగా కలిపినదాన్ని మీరు కిరోసిన్ పోసి పలచన చేస్తున్నారు. పంపు అరిగితే ఆ ఇనుప రజను రైల్‌లోకి, అక్కడి నుంచి ప్రతి ఇంజెక్టర్‌లోకీ పోతుంది. అప్పుడు ఒక్క నాజిల్ మార్చి బయటపడటం ఉండదు. పంపు, రైల్, ఇంజెక్టర్లు అన్నీ దించాలి, ట్యాంకు కడగాలి, బిల్లు లక్షల్లో వస్తుంది. వారంటీ మీద ఆశ పెట్టుకోవద్దు. పైగా రేషన్ కిరోసిన్‌ను బండికి వాడటం 1993 నాటి కిరోసిన్ కంట్రోల్ ఆర్డర్ ప్రకారం నేరం. లడఖ్ చలిలో డీజిల్ గడ్డకట్టకుండా కిరోసిన్ కలిపేవారు, నిజమే. ఇప్పుడు అక్కడికే మైనస్ 33 డిగ్రీలను తట్టుకునే చలికాలం డీజిల్ వచ్చింది. రామగుండం ఎండలో మీకెందుకు కిరోసిన్?

రెండోది: "ఫిల్టర్ డీజిల్‌తో కడిగి గాలి కొడితే కొత్తదానిలా పనిచేస్తుంది." పనిచేయదు. కాగితం రంధ్రాలు కొన్ని మైక్రాన్లు, మన వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది. గాలి కొడితే కంటికి కనబడని చోట కాగితం చిరుగుతుంది. ఆ తర్వాత ఫిల్టర్ ఉన్నా లేనట్టే.

మూడోది: "కొత్త ఫిల్టర్‌ను అంచు దాకా డీజిల్‌తో నింపి బిగించండి, ఎయిర్ పట్టదు." ఇది మంచి మెకానిక్‌లు కూడా చేస్తారు, మంచి ఉద్దేశంతోనే చేస్తారు. కానీ డీజిల్ చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల నుంచి లోపలికి వచ్చి, కాగితం దాటి, నడిమి రంధ్రం గుండా ఇంజెక్టర్ల వైపు పోతుంది. మనం పోసేది నడిమి రంధ్రంలో. అంటే డబ్బాలో ఉన్న దుమ్ము ఫిల్టర్ దాటకుండానే నేరుగా ఇంజెక్టర్‌కు చేరినట్టు. పొడిగానే బిగించి, హ్యాండ్ ప్రైమర్ (డీజిల్‌ను చేత్తో ఎక్కించే చిన్న పంపు) గట్టిపడేదాకా కొట్టాలి. చెయ్యి నొప్పి పుడుతుంది, పుట్టనివ్వండి. సెల్ఫ్ ఒకేసారి 30 సెకన్లకు మించి తిప్పవద్దు, మధ్యలో 2 నిమిషాలు ఆగండి.

ఐదోది: "వాటర్ లైటు వెలిగితే సెన్సర్ వైరు పీకేయండి." అది డీజిల్‌లో నీళ్లు చేరాయని చెప్పే లైటు. వైరు పీకితే లైటు ఆరుతుంది, నీళ్లు పోతాయా? ఆ నీళ్లు పంపును తుప్పు పట్టిస్తాయి, వేడి నాజిల్ మొనలో ఆవిరై మొననే పగలగొడతాయి. నీళ్లను వేరుచేసే సెపరేటర్ కింద డ్రెయిన్ తిప్పడానికి పట్టేది ఒక్క నిమిషం. ఆ నిమిషం మిగుల్చుకోవడానికి ఇంజన్‌ను పణంగా పెట్టమంటున్నారు.

ఆరోది, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కొట్టిస్తే డీజిల్ ఎక్కువ వస్తుందట. బంకు ట్యాంకు భూమిలోపల ఉంటుంది, దాని వేడి పగలూ రాత్రీ పెద్దగా మారదు. ఒకవేళ 10 డిగ్రీలు మారినా 100 లీటర్లకు తేడా లీటరు కూడా రాదు. సైటుకు డ్రమ్ముల్లో తెప్పించుకునే పొక్లెయిన్ బంకుకు ఎప్పుడు వెళ్లిందని?

ఏడోది, పైపుకు అయస్కాంతం కడితే 20 శాతం ఆదా. డీజిల్‌ను అయస్కాంతం ఏమీ చేయలేదు. ఆ డబ్బుతో ఫిల్టర్ కొనండి.

ఎనిమిదో పాయింటు: "పొద్దున్న ఇంజన్ స్టార్ట్ చేసే ముందు ట్యాంకు అడుగు నీళ్లు వదలండి. డ్యూటీ దిగేటప్పుడు ట్యాంకు నింపి పెట్టండి." ఇది అక్షరాలా నిజం. ఈ ఒక్క ముక్క రాసినవారికి పని తెలుసు. ఇది పాటించే సైటులో నాజిల్ గొడవలు సగం కనబడవు. రాత్రంతా నిలవ ఉన్నప్పుడే నీళ్లు అడుక్కి చేరతాయి, స్టార్ట్ చేశాక మళ్లీ కలిసిపోతాయి. సగం ఖాళీ ట్యాంకులో రాత్రి చల్లదనానికి లోపలి గాలి నుంచి నీటి చుక్కలు పడతాయి.

దానికి ఇంకో రెండు చేర్చుకోండి. మొదటిది డ్రమ్ము. నిలబెట్టిన డ్రమ్ము పైమూత మీద వాన నీళ్లు నిలుస్తాయి. రాత్రి డ్రమ్ము చల్లబడినప్పుడు బిరడా పక్క నుంచి ఆ నీళ్లనే లోపలికి పీలుస్తుంది. షెడ్డు కింద పెట్టండి, లేదా రెండు బిరడాలూ ఒకే ఎత్తులో ఉండేలా పడుకోబెట్టండి. డీజిల్ లాగే గొట్టం డ్రమ్ము అడుగుకు తగలకుండా నాలుగు వేళ్లు పైకే ఉంచండి.

రెండోది ట్యాంకు మూత. పొద్దున బాగా నడిచి, గంట తర్వాత పికప్ పడిపోయి, కాసేపు ఆపితే మళ్లీ బాగుపడే బండ్లు చాలా వస్తాయి. ఓనర్ అప్పటికే ఇంజెక్టర్లు విప్పించేసి ఉంటాడు. పికప్ పడిన క్షణంలో మూత తిప్పి చూడండి. ఉస్సుమని గాలి లోపలికి పీల్చుకుంటే మూతలోని గాలి రంధ్రం దుమ్ముతో మూసుకుపోయినట్టు. అది కాకపోతే ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న గొట్టం చీలిందేమో, క్లాంపుల దగ్గర గాలి పీలుస్తోందేమో చూడాలి. ఆ తర్వాత ఫిల్టర్ మార్చి చూడాలి. ఇవన్నీ అయ్యాకే ఇంజెక్టర్ల జోలికి వెళ్లాలి. అదీ స్కానర్ పెట్టి.